బడిలో మౌనం: మన సీమలో పిల్లల మనశ్శాంతి సాధన చరిత్ర

పాఠశాలల చరిత్రలో మౌనం మొట్టమొదట శిక్షగానే ప్రవేశించింది. వీధిబడుల కాలంలో పంతులుగారి చేతి బెత్తం, దూలానికి కట్టిన కోదండం తాడు, గోడకుర్చీ, తొడపాశం ఇవన్నీ ఒక ఎత్తయితే, చేతులు కట్టుకొని నోటి మీద వేలు వేసుకొని కూర్చోవడం మరొక ఎత్తు. దెబ్బ తగిలిన పిల్లవాడు కనీసం ఏడవగలడు. నోటి మీద వేలు వేసుకున్నవాడికి ఆ అవకాశం కూడా లేదు. వీధిబడులు పోయి సర్కారు బడులు వచ్చిన తరువాత కోదండం అటక ఎక్కింది గాని నోటి మీది వేలు దిగలేదు. నిశ్శబ్దంగా ఉన్న తరగతి క్రమశిక్షణ గల తరగతి అనీ, ఆ తరగతి ఉపాధ్యాయుడు సమర్థుడనీ తనిఖీ అధికారులు మెచ్చుకొని పోవడం చాలాకాలం పరిపాటిగా ఉండేది. ఆ నిశ్శబ్దం కింద ఎన్ని గుండెలు ఎంత వేగంగా కొట్టుకుంటున్నవో లెక్కకట్టినవారు అరుదు.

2009 నాటి విద్యాహక్కు చట్టం తన 17వ సెక్షనులో పిల్లలకు దేహదండన విధించడాన్నీ, వారిని మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అది 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. బెత్తం బయటికి పోయింది. భయం మాత్రం మార్కుల పట్టికలో దూరి లోపలే ఉండిపోయింది.

సాదలి, చింతామణి, బాగేపల్లి ప్రాంతాల ఉపాధ్యాయులకు ఈ భయం రూపురేఖలు చక్కగా తెలుసు. ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలు దగ్గరపడే కొద్దీ బాగా చదివే పిల్లకు కడుపునొప్పి మొదలవుతుంది. డాక్టరు చూసి ఏమీ లేదంటాడు. లెక్కలలో చురుకైన పిల్లవాడు ప్రశ్నపత్రం చేతికి రాగానే అరచేతులు చెమర్చి, చదివినదంతా ఎవరో తుడిచివేసినట్లు బిక్కచచ్చిపోతాడు. మల్బరీ తోటలోనో, రీలింగు యంత్రం దగ్గరో పగలంతా కష్టపడి వచ్చిన తల్లిదండ్రులు ఆశలన్నీ ఆ ఒక్క పరీక్ష మీద పెట్టుకొని ఉంటారు. వారు ఒక్క మాట అనకపోయినా ఆ బరువు పిల్లలకు తెలుస్తూనే ఉంటుంది.

అటువంటి పిల్లలను కూర్చోబెట్టి, మెల్లని మాటలతో వారి ఊపిరిని, ఒంటిని, చూపును ఒక దారిన నడిపిస్తూ మనసు కుదుటపడేటట్లు చేసే పద్ధతి ఒకటి ఇటీవలి కాలంలో బడులలో ప్రచారంలోకి వచ్చింది. దానిని మాటసాయంతో చేయించే ధ్యానం అనవచ్చు. ఇది పట్టణాల నుండి, ఫోనుల నుండి, విదేశాల నుండి దిగివచ్చిన కొత్త వేడుక అని కొందరి అభిప్రాయం. వేల ఏళ్ల నాటి మన సొత్తే, కొత్తగా నేర్చుకోవలసినది ఏమీ లేదు అని మరికొందరి వాదం. రెండూ తొందరపాటు మాటలే. ఎద్దులబండి మీద సాదలి నుండి రెండు మూడు రోజులలో చేరుకోగలిగిన దూరంలోనే ఈ కథకు సంబంధించిన నాలుగు ఊళ్లున్నాయి. కైవారం, బెళ్లూరు, మదనపల్లె, రాయల్పాడు. వీటి చరిత్రను వరుసగా చూస్తే, ఈ మెట్ట సీమ మౌనాన్ని గురించి ఎంత ఆలోచించిందో, ఎంత భిన్నంగా ఆలోచించిందో తెలుస్తుంది.

చింతామణి తాలూకా కైవారం పురాణ ప్రసిద్ధి గల ఊరు. భీముడు బకాసురుని వధించిన ఏకచక్రపురం ఇదేనని స్థలపురాణం. కాని ఈ సీమ ప్రజలకు కైవారం అంటే మొదట గుర్తుకు వచ్చేది తాతయ్య. 1726లో జన్మించి 1836లో సిద్ధి పొందినట్లు సంప్రదాయం చెప్పే యోగి నారేయణ, అనగా కైవారం నారాయణప్ప, గాజులమ్మి బ్రతికే బలిజ కుటుంబంలో పుట్టినవాడు. ఊరూరూ తిరిగి గాజులు తొడిగే వృత్తి. సంసారం, అప్పులు, ఇంటి పోరు అన్నీ అందరివంటివే. పరదేశి స్వామి అనే గురువు ఆయనకు అష్టాక్షరీ మంత్రం ఉపదేశించి, నోటిలో ఒక గులకరాయి పెట్టి, అది కలకండగా మారేవరకు సాధన చేయమన్నాడని, కైవారం కొండగుహలో కూర్చొని ఆయన అట్లాగే చేశాడని, చివరకు ఆ రాయి తియ్యబడిందని భక్తులు చెప్పుకుంటారు.

ఈ కథను భక్తిగా వినేవారు వినవచ్చు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి మాత్రం ఇందులో మరొక విశేషం కనిపిస్తుంది. పరుగెత్తే మనసును ఊరికే నిలబడమంటే నిలబడదు. దానికి ఏదో ఒకటి చేతికివ్వాలి. నోటిలో రాయి ఉన్నవాడు మాట్లాడలేడు, నాలుక దానినే తడుముతుంటుంది, ధ్యాస దాని చుట్టూనే తిరుగుతుంటుంది. బడిపిల్లవాడి నోటి మీది వేలు వంటిదే ఇదీ అనిపించవచ్చు. కాని వేలు మరొకరి ఆజ్ఞ, రాయి తాను ఒప్పుకొని పెట్టుకున్నది. వేలు ఎప్పుడు తీయాలో పంతులు చెబుతాడు, రాయి ఎప్పుడు కరిగిందో సాధకుడికే తెలుస్తుంది.

తాతయ్య చేసిన రెండవ పని ఇంకా ముఖ్యమైనది. తనకు తెలిసినదాన్ని ఆయన సంస్కృతంలో దాచలేదు. అమరనారేయణ శతకం, కాలజ్ఞానం, కీర్తనలు తెలుగులోనూ, కొన్ని కన్నడంలోనూ చెప్పాడు. ఇంట తెలుగు, కచేరీలో కన్నడం నడిచే ఈ సరిహద్దు సీమలో మనిషి భయపడినప్పుడు ఏ భాషలో అమ్మను పిలుస్తాడో ఆయనకు తెలుసు. ఊపిరి గురించి, నాదం గురించి, లోచూపు గురించి యోగశాస్త్రం చెప్పే కఠినమైన సంగతులు పొలం గట్టున పాడుకొనే పాటలుగా మారి, అక్షరం రానివారి నోట కూడా నిలిచాయి. ఈనాడు బడిలో పిల్లల చేత ధ్యానం చేయించేవారు ఫోనులోని ఇంగ్లీషు గొంతును వినిపించబోయే ముందు ఈ ఒక్క సంగతి తలచుకోవడం మంచిది.

రెండవ ఊరు కోలారు తాలూకా బెళ్లూరు. 1918 డిసెంబరు 14న ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి దేశమంతటా ప్రబలిన రోజులలో, ఆ జబ్బుతోనే మంచం పట్టిన తల్లికి ఒక మగబిడ్డ కలిగాడు. పదముగ్గురు సంతానంలో పదకొండవవాడు. తండ్రి బడిపంతులు. బిడ్డకు తొమ్మిదేళ్లు వచ్చేసరికి ఆయన గతించాడు. మలేరియా, టైఫాయిడ్, క్షయ ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆ బాలుణ్ణి పీల్చి పిప్పిచేశాయి. సన్నని కాళ్లు, పొడుచుకువచ్చిన పొట్ట, నిలువలేని తల. పదిహేనేళ్ల వయసులో, 1934లో, మైసూరులోని బావగారైన తిరుమలై కృష్ణమాచార్యుల ఇల్లు చేరి ఆసనాలు నేర్చుకున్నాడు. చదువులో ముందుకు పోలేకపోయాడు. మెట్రిక్ స్థాయి పరీక్షలో ఇంగ్లీషు తప్పాడు. ఆ పరీక్ష తప్పిన కుర్రవాడే తరువాతి కాలంలో ప్రపంచ ప్రసిద్ధుడైన బి.కె.ఎస్. అయ్యంగారు.

గురువుగారు మహా కోపిష్ఠి అని అయ్యంగారే చెప్పుకున్నారు. భయపెట్టి నేర్పిన విద్య కూడా ఫలించింది కదా అని ఎవరైనా వాదించవచ్చు. ఒక్క అయ్యంగారు పైకి వచ్చాడంటే, ఆ భయానికి తాళలేక వెళ్లిపోయినవారి లెక్క ఎవరు వ్రాశారన్నది ఎదురుప్రశ్న. ఏమైనా ఆయన 1966లో ఇంగ్లీషులో ప్రచురించిన యోగదీపిక గ్రంథంలో శవాసనాన్ని గురించి వ్రాసిన భాగం ప్రస్తుత విషయానికి మూలమైనది. చూడడానికి అతి సులభంగా కనిపించే ఈ ఆసనం వశం కావడం అతి కష్టమని ఆయన అభిప్రాయం. వెల్లకిలా పడుకొని కదలకుండా ఉండడంలో కష్టమేమిటని పిల్లలు నవ్వుతారు. ఐదు నిమిషాలు ప్రయత్నించిన తరువాత నవ్వడం మానేస్తారు. దవడ బిగిసి ఉందని, భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయని, పిడికిలి తెలియకుండానే మూసుకుపోయిందని అప్పుడే తెలుస్తుంది. పదిహేనవ శతాబ్దంలో స్వాత్మారాముడు రచించిన హఠయోగ ప్రదీపిక శవాసనం అలసటను తీర్చి చిత్తానికి విశ్రాంతినిస్తుందని ఏనాడో చెప్పింది. ఒంటిలో ఒక్కొక్క భాగాన్ని ఎట్లా సడలించాలో ఇంటింటికి అర్థమయ్యే క్రమంలో వివరించిన ఘనత బెళ్లూరు బిడ్డది. వృద్ధాప్యంలో ఆయన స్వగ్రామాన్ని మరువక అక్కడ పాఠశాల నెలకొల్పారు. 2014 ఆగస్టు 20న పుణెలో మరణించారు.

మూడవ ఊరు ఆంధ్ర సరిహద్దులోని మదనపల్లె. 1895 మే నెలలో అక్కడి తెలుగు కుటుంబంలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి బాల్యం కూడా జబ్బులతోనే గడిచింది. పదేళ్ల వయసులో తల్లి పోయింది. బడిలో మందబుద్ధి అనిపించుకొని దెబ్బలు తిన్నాడు. 1909లో అడయారు దివ్యజ్ఞాన సమాజం వారి దృష్టిలో పడి జగద్గురువు కాగల బాలుడుగా పెరిగి, 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్ శిబిరంలో తన కోసం ఏర్పడిన సంఘాన్ని తానే రద్దు చేసిన చరిత్ర లోకవిదితం. ఇక్కడ కావలసినది ఆయన బడి. మదనపల్లెకు చేరువలో, వట్టిపోయిన కొండల నడుమ, ఒక పెద్ద మర్రిచెట్టు ఉన్న లోయను 1926లో ఎంచుకున్నారు. 1918లో మదరాసు గిండీలో మొదలైన పాఠశాల 1931లో అక్కడికి తరలివచ్చి రిషివ్యాలీ పాఠశాల అయింది.

ఆ బడిలో ఒక ఆచారం ఉంది. పొద్దు గుంకే వేళ పిల్లలందరూ ఒకచోట చేరి, పడమటి కొండల వెనుకకు సూర్యుడు దిగిపోవడం చూస్తూ మాట లేకుండా కూర్చుంటారు. దానిని అస్తాచల్ అంటారు. మంత్రం లేదు, లెక్క లేదు, కళ్లు మూసుకోవాలన్న నియమం లేదు. చూడడమే పని. ఆ దినం ఆటలో ఓడినవాడు, స్నేహితునితో తగవు పడినవాడు, ఇల్లు గుర్తుకు వచ్చి దిగులు పడినవాడు అందరూ ఆ వెలుతురునే చూస్తారు. నోటి మీద వేలు వేయించకుండా బడి బడి మొత్తం నిశ్శబ్దం కావచ్చుననడానికి ఇంతకంటె నిదర్శనం ఈ ప్రాంతంలో మరొకటి లేదు.

కృష్ణమూర్తి ధ్యానపద్ధతులను ఒప్పుకొనేవారు కారు. ఒకే మాటను పదే పదే జపిస్తే మనసు మొద్దుబారుతుందే గాని మేలుకోదని ఆయన వాదం. ఆ లెక్కన కైవారం తాతయ్య గులకరాయికీ, మదనపల్లె కృష్ణమూర్తి లోయకూ పొత్తు కుదరదు. అయినా విద్యార్థులతో మాట్లాడేటప్పుడు ఆయన కూడా వారిని కదలకుండా, హాయిగా కూర్చొని, లోపల ఏమి జరుగుతున్నదో గమనించమనేవారు. భయం వేసినప్పుడు దాని నుండి పారిపోకుండా, దానిని తిట్టకుండా, అది ఎట్లా ఉందో చూడమనేవారు. 1974లో వెలువడిన ఆయన విద్యా ప్రసంగాల సంపుటంలో రిషివ్యాలీ, రాజఘాట్ పాఠశాలల పిల్లలతో జరిపిన ఇటువంటి సంభాషణలున్నాయి. అన్నిటికంటె ముఖ్యంగా ఆయన పట్టుబట్టి చెప్పిన సంగతి ఒకటి ఉంది. ఒక పిల్లవాడిని మరొకనితో పోల్చినంతకాలం భయం పోదు. పోలిక పెట్టి భయం పుట్టించి, ఆ తరువాత ధ్యానంతో దానిని తగ్గించబోవడం ఒక చేత్తో నిప్పు పెట్టి మరొక చేత్తో నీళ్లు చల్లడం వంటిది.

రిషివ్యాలీ ఇంగ్లీషు మాధ్యమపు వసతి పాఠశాల. మల్బరీ తోటల కూలీ బిడ్డలు అందులో చేరి అస్తాచల్‌లో కూర్చొనే అవకాశం తక్కువే. ఆ కొరతను తీర్చే ప్రయత్నం నాలుగవ ఊరిలో జరిగింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిషు వైమానిక దళంలో పనిచేస్తూ భారతదేశానికి వచ్చి, ఇక్కడే స్థిరపడి, రిషివ్యాలీలో కొంతకాలం బోధించిన డేవిడ్ హార్స్‌బరో, 1972లో కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకా రాయల్పాడు దగ్గర నీల్ బాగ్ అనే చిన్న బడిని స్థాపించాడు. చుట్టుపక్కల పల్లెల తెలుగు పిల్లలే అందులో విద్యార్థులు. పరీక్షలు లేవు, ర్యాంకులు లేవు, శిక్షలు లేవు, బహుమతులు కూడా లేవు. వయసులు కలిసిన గుంపులలో ఎవరి వేగంతో వారు నేర్చుకొనేవారు. పాట, వడ్రంగం, కుమ్మరం, భాషలు, లెక్కలు అన్నీ ఒకే గౌరవంతో నడిచేవి. ధ్యానం అన్న పేరుతో అక్కడ ప్రత్యేకమైన గంట ఉండవలసిన పని లేకపోయింది. బంకమట్టిని చేతుల మధ్య తిప్పుతున్న పిల్లవాడి ముఖంలో కనిపించే ఏకాగ్రతకు వేరే పేరెందుకు?

హార్స్‌బరో 1984లో మరణించాడు. ఆయన వద్ద శిక్షణ పొందిన రామ, పద్మనాభరావు దంపతులు రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం ద్వారా చుట్టుపక్కల పల్లెలలో ఒకే ఉపాధ్యాయుడు నడిపే తెలుగు బడులను తీర్చిదిద్దారు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట ఉపాధ్యాయులు ఆ బడులను చూసిపోయి తమ తాలూకాలో ప్రారంభించిన పద్ధతే నలికలి. ఆ తరువాత అది కర్ణాటకలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ వ్యాపించింది. సరిహద్దు పల్లెల తెలుగు పిల్లల మధ్య రూపుదిద్దుకున్న నిర్భయ విద్య, కన్నడ పేరు పెట్టుకొని, కర్ణాటక బడులకు చేరిన వైనం ఈ ప్రాంతంలో కూడా చాలామందికి తెలియదు. అయితే నలికలి మూడవ తరగతితో ముగుస్తుంది. భయం ముదిరేది పదవ తరగతిలో.

ఈలోగా ప్రపంచంలో మరొక దారి నడిచింది. అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ కండరాలను ఒక్కొక్కటిగా బిగించి వదలడం ద్వారా మనసులోని ఆందోళనను తగ్గించవచ్చునని పరిశీలించి 1929లో ఒక గ్రంథం ప్రకటించాడు. బెర్లినులో యోహానెస్ షుల్ట్స్ అనే వైద్యుడు తన చేయి బరువెక్కుతున్నదని, వెచ్చబడుతున్నదని రోగి తనలో తాను చెప్పుకొనే పద్ధతిని 1932లో ప్రచురించాడు. బీహారులోని ముంగేరు యోగవిద్యాలయ స్థాపకుడు స్వామి సత్యానంద సరస్వతి, సంధ్యావందనంలోనూ పూజలోనూ చేసే అంగన్యాస కరన్యాసాల నుండి తాను గ్రహించిన క్రమాన్ని యోగనిద్ర అన్న పేరుతో 1976లో గ్రంథంగా వెలువరించాడు. మంత్రం చెబుతూ హృదయాన్ని, శిరస్సును, శిఖను తాకే ఆచారం మన ఇళ్లలో అందరూ చూసినదే. తాకడానికి బదులు ఆ అవయవం పేరు చెప్పి ధ్యాసను అక్కడికి పంపడమే ఆయన చేసిన మార్పు. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో జాన్ కబాట్ జిన్ నొప్పితో బాధపడే రోగులకు బౌద్ధ విధానాల నుండి గ్రహించిన గమనిక సాధనను నేర్పసాగాడు. అదే తరువాత ప్రపంచంలోని వేలాది బడులకు ప్రాకింది. ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలలు కూడా 2018 జూలైలో ప్రారంభించిన ఆనంద పాఠ్యక్రమంలో దీనికి చోటిచ్చాయి.

ఇవన్నీ పని చేయడం వెనుక ఉన్న శరీర ధర్మం సరళమైనదే. భయం కలిగినప్పుడు గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, రక్తం కండరాలకు పరుగెత్తుతుంది, కడుపు మెలిపెడుతుంది. పులి ఎదురైనప్పుడు పనికివచ్చే ఏర్పాటు ఇది. ప్రశ్నపత్రం ఎదురైనప్పుడు చేటు తెస్తుంది. ఊపిరి పీల్చేటప్పుడు గుండె కొద్దిగా వేగం పుంజుకొని, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. కనుక వదిలే ఊపిరిని కొంచెం పొడిగిస్తే వేగస్ నాడి ద్వారా శరీరానికి ప్రమాదం తొలగిందన్న కబురు అందుతుంది. ఊపిరిని వెలుపలికి వదలడం, నిలపడం చిత్తప్రసాదానికి ఒక ఉపాయమని పతంజలి యోగసూత్రాలలో చెప్పిన మాటకు ఇంతటి శరీరశాస్త్ర సమర్థన తరువాతి కాలంలో లభించింది.

అయినా ఈ సాధనకు లేని మహిమను అంటగట్టరాదు. యునైటెడ్ కింగ్‌డమ్‌లో 85 పాఠశాలలలో ఎనిమిది వేలకు పైగా పిల్లల మీద జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2022లో వెలువడ్డాయి. పదకొండు నుండి పధ్నాలుగేళ్ల పిల్లలకు తరగతిలో గమనిక సాధన నేర్పితే, మామూలు పాఠాల కంటె అదనంగా వారి మానసిక ఆరోగ్యం మెరుగుపడలేదని తేలింది. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర దానిని అభ్యసించనే లేదు. అప్పటికే దిగులుతో ఉన్న కొందరికి అది అంతగా సరిపడలేదన్న సూచన కూడా ఉంది. విచిత్రమేమంటే ఉపాధ్యాయుల అలసట మాత్రం కొంత తగ్గింది. ఈ ఫలితాన్ని చూసి ధ్యానమే దండగ అనుకోనక్కరలేదు. అందరికీ ఒకే మందు, ఒకే గంట కొట్టి పోయడం మాత్రం దండగ. యోగ దినోత్సవం నాడు వందలాది పిల్లలను ఎండలో వరుసలు తీర్చి ఫోటోలు తీయించడానికీ, తరగతిలో భయపడుతున్న ఒక పిల్ల పక్కన ఐదు నిమిషాలు కూర్చోవడానికీ చాలా దూరం.

2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడి, వాటిలో తప్పులు బయటపడిన రోజులలో ఇరవై మందికి పైగా తెలుగు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. అక్కడ లోపించినది పిల్లల ఊపిరి సాధన అనడం అన్యాయం. పరీక్షను నడిపే పద్ధతిలో ఉన్న క్రూరత్వాన్ని ధ్యానం పూడ్చలేదు. ఆ దిశలో కర్ణాటక ఒక మంచి పని చేసింది. 2023-24 విద్యా సంవత్సరంలో ఎస్.ఎస్.ఎల్.సి.కి సప్లిమెంటరీ అన్న పేరు తీసివేసి మూడు పరీక్షలను ఏర్పాటు చేసి, వాటిలో ఉత్తమమైన మార్కులను నిలుపుకొనే వీలు కల్పించింది. ఒక్క ఉదయం మీద జీవితమంతా వేలాడే దుస్థితి కొంతైనా సడలింది. 1974లో బెంగళూరులో ఏర్పడిన నిమ్హాన్స్ సంస్థ కౌమార దశలోని విద్యార్థుల కోసం జీవన నైపుణ్యాల బోధనను రూపొందించి ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చింది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీమానస్ అనే జాతీయ సేవకు ఆ సంస్థే కేంద్రం. 14416 అనే నంబరుకు ఉచితంగా ఫోను చేస్తే తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడతారు. రోజుల తరబడి నిద్ర పట్టని, అన్నం ముట్టని, బ్రతుకు వద్దని మాట జారిన పిల్లవాడికి ధ్యానం చెప్పి పంపివేయరాదు. వానిని ఒంటరిగా వదలకుండా పెద్దలు వెంట ఉండి ఆ సాయం ఇప్పించాలి.

మిగిలిన పిల్లలకు, అనగా కడుపునొప్పి పిల్లకు, చేతులు చెమర్చే పిల్లవాడికి, ఏ మాటలు చెప్పాలి? పట్టుపురుగులు పెంచే ఇళ్ల పిల్లలకు ఒక పోలిక సులభంగా తగులుతుంది. గూడు కట్టేలోగా పురుగు నాలుగుసార్లు పొర విడుస్తుంది. దానినే జ్వరం అంటారు. ఆ సమయంలో అది ఆకు ముట్టదు, తల ఎత్తి కదలకుండా ఉంటుంది. తెలిసిన రైతు అప్పుడు ఆకు వేయడు, తట్టను కదిలించడు. పురుగు చచ్చిందని ఎవరూ బెంగపడరు. పొర విడిచి లేచిన తరువాత అదే ఆబగా తింటుంది. తలలోనికి ఇంకేమీ ఎక్కడం లేదని రాత్రి ఏడ్చే పిల్లకు ఆ తట్టను చూపించి, కొంతసేపు పుస్తకం మూయమ్మా అనవచ్చు.

తరగతిలో చెప్పవలసినవి కూడా ఇంటి మాటలే అయి ఉండాలి. గొంతు హెచ్చించకుండా, మాటకూ మాటకూ నడుమ రెండు ఊపిరుల వ్యవధి ఇచ్చి, ఈ విధంగా చెప్పవచ్చు. "పుస్తకాలు పక్కన పెట్టండి నాయనా. వీపు ఆనుకొని హాయిగా కూర్చోండి. కళ్లు మూసుకోవాలనిపిస్తే మూసుకోండి, లేకుంటే ముందున్న నేలను చూడండి. పాదాలు నేలకు ఆనుతున్నాయి కదా, ఆ చల్లదనం తెలుసుకోండి. పిడికిలి బిగించండి. ఇంకా గట్టిగా. ఇప్పుడు వదిలేయండి. వదిలినప్పుడు చేతికి ఏమనిపించిందో చూడండి. భుజాలు దింపండి. పళ్లు కరచుకొని ఉంటే వదులు చేయండి. ఊపిరి దానంతట అది వస్తున్నది, పోతున్నది. పోయేటప్పుడు మాత్రం కొంచెం నెమ్మదిగా పోనివ్వండి, వేడి పాలు ఊదినట్లు. దూరంగా ఏదో చప్పుడు వినిపిస్తున్నది, బస్సు కావచ్చు, కాకి కావచ్చు. విననివ్వండి. పరీక్ష గుర్తుకు వస్తే రానివ్వండి. దానితో పోట్లాడవద్దు. వచ్చిందని గుర్తించి, మళ్లీ ఊపిరి దగ్గరికి రండి. ఎన్నిసార్లు పోయినా తప్పు లేదు. తొందర ఏమీ లేదు."

ఇది ఐదు నిమిషాల పని. ప్రశ్నపత్రం ఇచ్చే నాడే మొదలుపెడితే ప్రయోజనం ఉండదు. జూన్‌లో బడి తెరిచినప్పటి నుండి, భయం లేని దినాలలోనే అలవాటు చేయాలి. దీనికి మార్కులు వేయరాదు, ఎవరు బాగా చేశారని అడగరాదు. నవ్విన పిల్లను బయటికి పంపరాదు. మొదటి వారం సగం మంది నవ్వుతారు. కళ్లు మూసుకుంటే భయం ఇంకా పెరిగే పిల్లలు ప్రతి తరగతిలో ఒకరిద్దరు ఉంటారు. అటువంటివారిని బలవంతపెట్టకుండా, ఆ ఐదు నిమిషాలూ కిటికీ దగ్గర కూర్చొని బయటి చెట్టును చూడనివ్వాలి.